ముప్పై రోజుల గడువు

ముప్పై ఎనిమిది మంది రైతుల పేర్లను కంప్యూటర్ ఆపరేటర్ గొల్లోరి ఫల్గుణ నిర్లక్ష్యంగా చెరిపేశాడని చెప్పే కాగితం ఒకటి, అరకులోయలో ఒక కాఫీ రైతుల సంఘం ఆఫీసులో, ఇనప బీరువా రెండో అరలో, ఆకుపచ్చ ఫైల్లో ఉంది. కింద సాఫ్ట్‌వేర్ ఇన్‌ఛార్జి దేవీప్రసాద్ సంతకం. ఆ కాగితంలో తేదీ ఒక్కటే నిజం.

రెండేళ్ల కిందటి జూన్‌లో దేవీప్రసాద్ విశాఖపట్నం నుంచి ఘాట్ రోడ్డెక్కి వచ్చాడు. రైతుల జాబితాలో ఒకే పేరు పదే పదే పడిందనీ, శుభ్రం చేయాలనీ కూర్చున్నాడు.

"ఫల్గుణా, నీ లాగిన్‌తో తెరువయ్యా. నాది పాస్‌వర్డ్ మార్చమని ప్రాణం తీస్తోంది. నేను చూసుకుంటాలే, నువ్వెళ్లి టీ తాగి రా," అన్నాడు.

ఫల్గుణ తెరిచి ఇచ్చాడు. వెళ్లి టీ తాగాడు. వాన తగ్గకపోతే ఇంకొకటి తాగాడు. ఆ రెండు టీలు తాగేలోపు జాబితా శుభ్రమైపోయింది.

ఫల్గుణది ముంచింగిపుట్టు దాటాక కొండవాలున ఉన్న దుంబ్రిపుట్టు. అక్కడ మంగళవారం పుట్టినవాడు మంగ్లు, సోమవారం పుట్టినవాడు సోములు, ఆడపిల్లయితే సోములమ్మ. ఫాల్గుణ మాసంలో పుట్టాడు కాబట్టి అతను ఫల్గుణ. ఊరంతటికీ ఇంటిపేర్లు నాలుగే. అందుకని 'కిల్లో మంగ్లు, తండ్రి సోములు' అని రాయాల్సిన మనుషులు ఆ ఒక్క ఊళ్లోనే ఐదుగురున్నారు. వాళ్లలో వాళ్లకి చిక్కేమీ లేదు. వాగు మంగ్లు, పనస మంగ్లు, ఒంటెద్దు మంగ్లు అని పిలుచుకుంటారు. కంప్యూటర్‌లో పనస చెట్టు రాయడానికి గడి లేదు. మైదానంలో పెరిగిన దేవీప్రసాద్‌కి ఐదు వరసలు ఒకేలా కనిపిస్తే అందులో నాలుగు తప్పుల కింద లెక్క. నాలుగూ తీసేశాడు. ఊరూరా అలాగే చేసుకుంటూ పోయాడు.

ఎవరికీ తెలియలేదు. కాఫీ రైతు తన పేరు సంఘం జాబితాలో చూసుకునేది ఏడాదికి ఒక్కసారే, పళ్లు కోసి తూకానికి తెచ్చిన రోజున. జూన్‌లో పోయిన పేరు డిసెంబరులో బయటపడింది. ఆ రోజు ట్యాబ్ పట్టుకుని కాటా పక్కన కూర్చున్నది కూడా ఫల్గుణే. పనస మంగ్లు బస్తా దించాడు.

"మావా, నీ పేరు రావట్లేదు."

"రాకపోడమేటిరా? పోయినేడు నువ్వే కదా రాసినావు. సరిగ్గా నొక్కు."

మళ్లీ నొక్కాడు. వరసలో వెనక ఉన్నవాళ్లు ముందుకొచ్చి తొంగిచూశారు. ఒకరి తరవాత ఒకరు, సగం ఊరు లేదు. వరస చివర్న ఫల్గుణ తల్లి సోములమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంది. ఆమె పేరూ లేదు.

పాత వివరాలు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా అని ఫల్గుణ ఆ సాయంత్రమే ఆఫీసుకి ఫోన్ చేశాడు. రైతుల వివరాలన్నిటికీ ప్రతిరోజూ ఒక నకలు తీసి దాచే ఏర్పాటు ఉంది. దాన్ని బేకప్ అంటారు. నకళ్లు పేరుకుపోతే డిస్కు నిండిపోతుంది కాబట్టి, దేనికైనా ముప్పై రోజులే గడువు. ముప్పై ఒకటో రోజున అది తనంతట తానే చెరిగిపోతుంది. ఆ పేర్లున్న పాత నకళ్లు జులై దాకా బతికాయి. ఆ తరవాత లేవు.

పేరు పోతే మళ్లీ రాసుకోవచ్చు కదా అనిపిస్తుంది. రాసుకోవచ్చు. కానీ రసాయన ఎరువూ మందూ వెయ్యకుండా పండించిన రైతుగా జాబితాలో మూడేళ్లు నిలబడితేనే సంఘం ఆ కాఫీని సేంద్రియం కింద తీసుకుంటుంది. కొత్తగా రాసుకున్నవాడు మళ్లీ మొదటి ఏడాది నుంచి మొదలెట్టాలి. పదేళ్లుగా తోటలో ఆకు తప్ప ఏమీ వెయ్యని మనిషి నిన్న పుట్టిన రైతు అయిపోతాడు. అందరూ మళ్లీ రాసుకున్నారు గానీ, ఆ ఏడు దుంబ్రిపుట్టు కాఫీ సంతలో షావుకార్ల చేతికి అయినకాడికి పోయింది.

ఎవరు చెరిపారో చూడమన్నారు. కంప్యూటర్ ఫల్గుణ పేరు చూపించింది. దేవీప్రసాద్ టీ సంగతి చెప్పలేదు. కాగితం రాసి సంతకం పెట్టాడు. ఫల్గుణని పనిలోంచి తీసేశారు. ఊళ్లో పనస మంగ్లు అందరికీ చెప్పాడు: "గుంటడు మన పేర్లు అమ్ముకున్నాడు."

"నా పేరు తియ్యడానికి నీకు సేతులెలా ఒచ్చాయిరా?" అంది సోములమ్మ, పొయ్యిలో కర్ర ఎగదోస్తూ.

"నాను తియ్యలేదే అమ్మా."

"నాకు తెల్దేటి? పోయి ఊరికి సెప్పు."

ఊరికి ఏమని చెప్పాలి? లాగిన్ అంటే ఏమిటో ముందు చెప్పాలి. అది చెప్పేలోపు లేచి వెళ్లిపోయేవాళ్లు.

ఆ తరవాతి ఏడాదంతా అతను ముంచింగిపుట్టులో ఒక మొబైల్ దుకాణంలో పగిలిన అద్దాలు మార్చాడు. కుదురుగా కూర్చోలేకపోయేవాడు. అద్దం మారుస్తూ మారుస్తూ లేచి వీధి చివరిదాకా నడిచి వచ్చేవాడు. ఇంటర్‌తో ఆగిపోయిన చదువు అతనిది. ఇంగ్లీషు అక్షరం అక్షరం కూడబలుక్కునే స్థితి. అయినా బేకప్‌ల గురించి దొరికినదల్లా చదివాడు. ఊరి పైన సిగ్నల్ వచ్చే బండ ఒకటుంటే, దాని మీద కూర్చుని ఫోన్‌లో పేజీలు దించుకుని, తెలియని మాటల్ని స్కూలు నోటుబుక్కులో రాసుకునేవాడు. మొదట్లో అతను వెతికింది ఒక్కటే: చెరిగిపోయిన ఆ ముప్పై ఎనిమిది పేర్లు ఇంకెక్కడైనా మిగిలి ఉంటాయా అని. ఉండవని తెలియడానికి ఆరు నెలలు పట్టింది. అప్పటికి ఆ విషయంలో దేవీప్రసాద్‌కన్నా అతనికే ఎక్కువ తెలుసు. తెలిసి చేసేదేమీ లేక ఇంకా మండిపోయేవాడు.

సంఘం అధ్యక్షుడు భీముడు ఒక శనివారం ముంచింగిపుట్టు సంతకి వచ్చి దుకాణం ముందు నిలబడ్డాడు. ఆయనకి అరవై దాటాయి, చదువు సంతకం వరకే.

"నీ బదులు కింద నుంచి ఒచ్చిన కుర్రోడు మొదటి వానకే పారిపోనాడు. ఒస్తావేటి?"

"నేను దొంగని కదా మావా. కాయితం ఉంది."

"కాయితం దారి కాయితానిది. ట్యాబ్‌లో మా మనిషి పేరు సరిగ్గా కొట్టేవోడు నాకు కావాల. బేగి సెప్పు, జీపు ఎల్లిపోతాది."

ఫల్గుణ స్క్రూడ్రైవర్ కింద పెట్టి జీపెక్కాడు. క్షమించడం అంటూ ఏమీ లేదు. ఆ కంప్యూటర్ దగ్గరికి ఇంకొకసారి చేరాలన్న ఆత్రం, అంతే.

ఆఫీసులో పరిస్థితి మారింది. రైతుల గోల తట్టుకోలేక దేవీప్రసాద్ కొత్త బేకప్ సాఫ్ట్‌వేర్ కొనిపించాడు. తెర మీద ఏడాది పొడవునా తేదీలు, ప్రతి తేదీ పక్కనా ఒక ఆకుపచ్చ టిక్కు. "చూడవయ్యా, ఇప్పుడు గడువు ఏడాది. ఇంకేం కావాలి నీకు?" అన్నాడు ఫల్గుణతో, ఏమీ జరగనట్టే నవ్వుతూ. ఆ నవ్వు చూస్తే ఫల్గుణ అరచేతులు దురద పెట్టాయి. ఇంకో సంగతి కూడా చెప్పాడు: అక్టోబరులో ఆధార్ నంబర్లతో జాబితాని మళ్లీ శుభ్రం చేస్తారట. నవంబరులో సేంద్రియ ముద్ర ఇచ్చే తనిఖీవాళ్లు వస్తారు. ఆ రోజు జాబితాలో ఎవరుంటే వాళ్లే రైతులు.

ఆ మాట విన్నప్పటి నుంచి అతనికి తిండి సయించలేదు. మళ్లీ శుభ్రం చేస్తే మళ్లీ పేర్లు పోతాయి. పోయినవి తిరిగి తేవాలంటే పాత నకలు ఉండాలి. ఉండటం చాలదు, తెరుచుకోవాలి. లేకపోతే ఈసారి దుంబ్రిపుట్టులో అతనికి నిలువ నీడ ఉండదు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లినప్పుడు ఏప్రిల్ పన్నెండో తేదీ టిక్కు మీద నొక్కి, ఆ నకలు తెరవమన్నాడు. సాఫ్ట్‌వేర్ కాసేపు తిరిగి, ఫైలు దొరకలేదంది. మార్చి అడిగాడు. లేదంది. మే కూడా లేదంది. టిక్కులు మాత్రం పచ్చగానే ఉన్నాయి. ఫల్గుణ లేచాడు. వరండాలోకి వెళ్లి, వచ్చి, మళ్లీ వెళ్లి, చివరికి డిస్కు తెరిచి ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. ముప్పై రోజుల నకళ్లే ఉన్నాయి.

కారణం వెతకడానికి రెండు రోజులు పట్టింది. డేటాబేస్‌కి సొంతంగా పాత నకళ్లు చెరిపే పనిముట్టు ఒకటి ముందు నుంచీ ఉంది. ముప్పై రోజుల గడువు దానిదే. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడు దాన్ని ఆపాలని ఎవరికీ తట్టలేదు. కొత్తది ఏడాది ఉంచుతున్నాననుకుంటోంది, పాతది నెలకే ఊడ్చేస్తోంది. ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు.

ఫల్గుణ వెంటనే ఎవరికీ చెప్పలేదు. ముందు పాతదాని గడువు పెంచి ఆ ఊడ్చడం ఆపాడు. తరవాత గోడౌన్‌లో కాఫీ బస్తాల వెనక పడి ఉన్న పాత కంప్యూటర్ దులిపి, అందులో ఉత్తుత్తి రైతుల జాబితా ఒకటి పెట్టి, మూడు వారాలపాటు రెండు పనిముట్లకీ విడివిడిగా పరీక్ష పెట్టాడు. రెండిట్లో ఒక్కదానికే చెరిపే హక్కు ఉండాలి. ఏ ఒక్కదానికి? ఊహించి చెబితే దేవీప్రసాద్‌తో గెలవలేడు. తెరిచి చూపించాలి.

ఆ మధ్యలో ఒక ఆదివారం ఇంటికెళ్లాడు. సోములమ్మ అటక మీంచి విత్తనాలు దాచే ఎండు ఆనపబుర్ర దించి, పోయినేటి చోళ్ల, అంటే రాగుల, విత్తనం నేల మీద పోసి చూస్తోంది. కొత్త చోళ్లు చేలో బెత్తెడెత్తు లేచాయి.

"ఇంకా ఉంచావేటి? కొత్తవి మొలిసినాయి కదా."

"మొలిసినాయని నిన్ననే సూసినాను. సూడకుండా ఎలా పారబోత్తాను?" అంది. తరవాత తనలో తాను నవ్వుకుంది. "మీ నాయన బతికున్నప్పుడు ఒకేడు మా తోటికోడలూ నానూ ఇద్దరం బుర్రలో సెయ్యెట్టినాం. నాను ఉంచినానని అది తీసింది, అది ఉంచిందని నాను తీసినాను. వాన పడ్డాక బుర్ర తిప్పితే గాలి. ఆ యేటి నుంచి మా అత్త రూలెట్టింది. బుర్రలో సెయ్యెట్టేది ఒక్కరే."

"ఎవరెట్టాలని ఎలా తేల్చింది?"

"ఏ గింజ ఏ సేలోదో ఎవులికి తెలుసో ఆలే. నాకు తెలుసు. దానికి తెల్దు. అది ఏడ్సింది, ఏడవనీ."

సెప్టెంబరు చివరి శుక్రవారం అరకు సంత. డైరెక్టర్లంతా సంతకి ఎలాగూ వస్తారు కాబట్టి సంఘం మీటింగు ఆ రోజే. ఏడుగురూ ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. దేవీప్రసాద్ ల్యాప్‌టాప్‌లో ఆకుపచ్చ టిక్కులు చూపించి, ఇక భయం లేదన్నాడు. ఫల్గుణ లేచాడు.

"సార్, ఏప్రిల్ పన్నెండు తెరవండి."

"ఎందుకిప్పుడు? ఇది డైరెక్టర్లకి అర్థమయ్యే విషయం కాదు ఫల్గుణా."

"అర్దమయ్యేటట్టు తెరవండి బాబూ," అన్నాడు భీముడు. "తెరిస్తే కళ్లకి కనపడతాది కదా."

దేవీప్రసాద్ నొక్కాడు. తెర కాసేపు తిరిగింది. ఫైలు లేదని రాసింది. ఇంకో నెల నొక్కాడు. అదీ అంతే. చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఫల్గుణ ఈ క్షణం కోసమే రెండేళ్లు కాచుకున్నాడు. తీరా వచ్చాక తియ్యగా ఏమీ లేదు. లోపల ఉన్న తొందర అలాగే ఉంది.

ఆనపబుర్రలో ఇద్దరు చెయ్యి పెట్టిన కథే డైరెక్టర్లకి చెప్పాడు. ఆ తోటికోడళ్లు ఎవరో చెప్పలేదు. ఒంటెద్దు మంగ్లు కూడా డైరెక్టరే. అతను తొడ మీద కొట్టుకుని నవ్వాడు. "మా ఇంట్లో అయితే ముగ్గురెడతారు!"

దేవీప్రసాద్ తెలివైనవాడే. వెంటనే తేరుకున్నాడు. "సరే, ఒప్పుకున్నాను. పాతదాన్ని ఆపేద్దాం. కొత్త సాఫ్ట్‌వేర్ ఒక్కటే చెరుపుతుంది. కొన్నది అందుకే కదా."

"అది రోజులే లెక్కపెడుతుంది సార్. ఇంకేమీ చూడదు."

"రోజులు కాక ఇంకేం చూడాలయ్యా?"

ఫల్గుణ కిటికీలోంచి చెయ్యి చూపించాడు. ఆఫీసు వెనక తోటలో సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకుని మిరియాల తీగలు. "ఆదివారం మొత్తం జాబితాకి నకలు తీస్తాం. అది చెట్టు. సోమవారం నుంచి శనివారం దాకా ఆ రోజు మారినంత వరకే తీస్తాం. అవి తీగలు. చెట్టు లేకపోతే తీగకి నిలబడే దిక్కు లేదు. చెట్టు వయసు ముందు నిండుతుంది కదా. కొత్త సాఫ్ట్‌వేర్ దాన్ని ముందు నరికేస్తుంది. తీగలకి ఇంకా గడువుందని వాటిని ఉంచుతుంది. గోడౌన్‌లో మూడు వారాలు చూశాను. ఆరు తీగలు నేల మీద పడున్నాయి, ఒక్కటీ తెరుచుకోలేదు. డేటాబేస్‌కి సొంత పనిముట్టుకైతే ఏ తీగ ఏ చెట్టుదో తెలుసు. ఆఖరి తీగ గడువు తీరేదాకా చెట్టు జోలికి పోలేదు. రండి, చూపిస్తాను."

గోడౌన్‌కి వెళ్లారు. దుమ్ములో, కాఫీ గింజల వాసనలో, ఏడుగురు రైతులూ ఒక ఇంజనీరూ వంగి చూశారు. దేవీప్రసాద్ తానే కూర్చుని రెండుసార్లు పరీక్షించాడు. రెండుసార్లూ అదే వచ్చింది.

అక్కడ నిలబడే తేల్చారు. నకళ్లు మోసుకెళ్లి విశాఖపట్నంలో దాచేంత వరకే కొత్త సాఫ్ట్‌వేర్ పని. ఏది ఉంచాలి, ఏది చెరపాలి అన్నది డేటాబేస్ పనిముట్టు చేతిలోనే. గడువు ఎంత అన్నప్పుడు దేవీప్రసాద్ ఏడాది చాలన్నాడు.

"సాలదు," అన్నాడు భీముడు. "ఒక కోతలో పోయిన పేరు ఇంకో కోతకి గాని తెల్దు. కోతకి రానోడు ఉంటాడు, జొరమొచ్చినోడు ఉంటాడు. రెండు కోతలు దాటాల. ఇంకోటి. కొత్త నకలు తెరిసి సూడకుండా పాతది తియ్యకూడదు."

ఆ చివరి మాట ఫల్గుణ రాసిచ్చింది కాదు. భీముడి ఇంట్లోనూ ఆనపబుర్ర ఉంది.

తెరిచి చూడటం ఎలా అన్నది ఫల్గుణ తేల్చాడు. మూడు నెలలకోసారి నకలు తెరిచి, పేర్లు అచ్చు తీసి, ఊరూరా చదవాలి. జాబితాలో 'పిలుపు పేరు' అని కొత్త గడి పెట్టించాడు. అక్టోబరులో దేవీప్రసాద్ ఆధార్‌తో శుభ్రం చేశాడు, తన లాగిన్‌తోనే. ఈసారి ఫల్గుణ టీకి వెళ్లలేదు. నవంబరు మొదటి వారం దుంబ్రిపుట్టులో చింత చెట్టు కింద రెండు జాబితాలు చేతిలో పెట్టుకుని నిలబడ్డాడు, ఆగస్టుదీ ఇప్పటిదీ. ఒక్కొక్క పేరూ చదివాడు. "వాగు మంగ్లు." "ఉన్నాను." "ఒంటెద్దు మంగ్లు." "ఉన్నాను, ఎద్దే నేదు." జనం నవ్వారు. ఆగస్టు జాబితాలో ఉండి కొత్తదాంట్లో లేని పేర్లు ఆరు తేలాయి. ఆధార్ నమోదు కానిచోట దేవీప్రసాద్ ఫోన్ నంబరుతో సరిపోల్చాడు, ఇవి ఒకే నంబరు ఇచ్చిన ఇళ్లవి. ఆ ఊళ్లో ఫోన్ ఉన్న ఇల్లు నాలుగిళ్లకి ఒకటి. ఆ ఆరుగురిలో పనస మంగ్లు ఒకడు.

ఫల్గుణ ఆ సాయంత్రమే అరకు చేరి ఆగస్టు నకలు తెరిచాడు. తెరుచుకుంది. ఆరుగురి వివరాలూ, వాళ్ల పాత ఏళ్లతో సహా, తిరిగి జాబితాలోకి ఎక్కాయి. నాలుగో రోజున తనిఖీవాళ్లు వచ్చారు.

డిసెంబరు తూకంలో పనస మంగ్లు బస్తా దించి, ట్యాబ్ వైపు మెడ సాచాడు. "ఉందేటి?"

"ఉంది మావా."

మంగ్లు బస్తా మూతి విప్పే పనిలో పడ్డాడు. రెండేళ్ల కిందట అన్న మాట వెనక్కి తీసుకోలేదు. ఫల్గుణ కూడా దానికోసం ఆగలేదు. వరసలో తరవాతి మనిషి తల్లి. ఆమె పేరు ఉంది, కానీ రెండేళ్ల రైతుగానే. పోయిన ఏళ్లు ఏ నకలులోనూ లేవు. వాటిని ఎవరూ తేలేరు.

ఫిబ్రవరిలో దేవీప్రసాద్ సంఘం పని వదిలేసి వేరే కంపెనీలో చేరాడు. వెళ్లే రోజున అరకు స్టేషన్‌లో విశాఖపట్నం వెళ్లే కిరండూల్ బండి ఆలస్యమైంది. రౌటర్ పెట్టె తాళాలూ పాస్‌వర్డ్‌ల కాగితమూ తీసుకోవడానికి ఫల్గుణ అక్కడికి వెళ్లాడు. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. కూర్చున్న నిమిషానికే ఫల్గుణ లేచి ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ తిరగడం మొదలెట్టాడు.

"ఫల్గుణా, కాసేపు కూర్చోవయ్యా," అన్నాడు దేవీప్రసాద్. బ్యాగు జిప్పు తీసి, మళ్లీ వేశాడు. "ఆ జూన్‌లో జరిగినదాని మీద... తరవాత నేను రాసిన కాగితం ఒకటుంది కదా ఫైల్లో. భీముడు గారితో మాట్లాడాను. తీయించేస్తానన్నారు. చింపి పారేస్తే నీకూ మంచిది, నాకూ మనసు తేలికవుతుంది. ఏమంటావ్?"

బండి కూత వినిపించింది. ఫల్గుణ ఆగి, అతని ముఖంలోకి చూశాడు.

"వద్దు సార్, తియ్యొద్దు. జరిగింది ఇదీ అని ఇంకో కాయితం రాసి దాని మీద పెట్టండి. కింద దాన్ని మాత్రం ఉండనీండి. దాని మీద మీ సంతకం ఉంది."